ఆరున్నొకటి

జనవరి 12, ఆదివారం

ఇవాళ్టి నుంచి నేను కోచ్‌ని. రాసుకుంటే గాని నమ్మకం కుదరడం లేదు, అందుకే ఈ డైరీ. వసుంధర వంటలు రాసుకుందామని కొనుక్కుంది. మొదటి పేజీలో గోంగూర పచ్చడి ఉంది. చింపలేదు, పేజీ తిప్పేసి రాస్తున్నాను.

మా అమ్మాయి ఐశ్వర్య ఇక్కడ ఐర్లండ్‌లో, మా ఊరి రై బ్యాండ్‌లో జెండా తిప్పుతుంది. డ్రమ్ములూ బాకాలూ వెనక వస్తుంటే, ముందు వరుసలో జెండాలు తిప్పుతూ, గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ నడిచే పిల్లలు ఉంటారు చూడండి, వాళ్లనే కలర్ గార్డ్ అంటారు. (చూడండి అని ఎవరికి చెబుతున్నాను? సరే.) వాళ్ల కోచ్ అమ్మాయి ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. మా మెయ్‌నూత్ ఊళ్లో ఎవరు కనపడకపోయినా ఆస్ట్రేలియా వెళ్లారనే అనుకోవాలి. ఇవాళ చర్చివాళ్ల పారిష్ హాల్లో కోచ్ లేకుండానే ప్రాక్టీసు పెట్టారు. తల్లిదండ్రుల కుర్చీల్లో బుద్ధిగా కూర్చున్నవాణ్ణి కూర్చోలేక, "మోచెయ్యి! మోచెయ్యి పైకి!" అని అరిచాను.

బ్యాండ్ పెద్ద మారీడ్ ఇటు తిరిగి, "నీకిది తెలుసా?" అంది.

తెలుసా! పెళ్లి కాకముందు నుంచీ అమెరికా డ్రమ్ కోర్ బ్యాండ్ల వీడియోలు చూస్తున్నవాణ్ణి. ఏ కోర్ ఏ సంవత్సరం ఏ రంగు జెండా పట్టిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అదే చెప్పాను. అయితే నువ్వే కోచ్ అంది. జెండా కర్ర నేను ఒక్కసారైనా చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. ఆ సంగతి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

ఐశ్వర్య మొహం ఎర్రగా కందిపోయింది. సంతోషం వల్ల.

వసుంధరకు చెబితే, "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నాట్ట వెనకటికి మీలాంటివాడే" అంది. రోకలి కాదు, జెండా కర్ర అని సవరించాను.

జనవరి 14, మంగళవారం

పెరట్లో ప్రాక్టీసు చేశాను. పక్కింటివాళ్ల డిష్ మొదటి నుంచీ వంకరగానే ఉండేది.

జనవరి 19, ఆదివారం

తొలి క్లాసు. అద్భుతం.

ఈ విద్య మొత్తం ఎనిమిది అంకెల మీద నడుస్తుంది. ఎనిమిది దాకా లెక్కపెట్టాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. డ్రమ్ములు అందుకునేసరికి నోరు దానంతటది తెలుగులోకి జారిపోయింది. ఉత్త తెలుగులోకి కూడా కాదు, తాడేపల్లిగూడెంలో మా నాన్న నడిపిన రైస్ మిల్లులోకి.

"లాభం! రెండు! మూడు! నాలుగు! అయిదు! ఆరు! ఆరున్నొకటి! ఎనిమిది!"

మా నాన్న ధాన్యం కొలిపించేటప్పుడు ఒకటికి బదులు లాభం అనేవాడు. ఆరు తర్వాతి అంకెనైతే మిల్లు ఆవరణలో ఎవరి నోటా రానిచ్చేవాడు కాదు. నాకూ అదే పట్టుబడింది. నలభై అయిదేళ్లొచ్చాయి, ఇంతవరకూ ఏ భాషలోనూ అనలేదు. నేను పనిచేసే చిప్‌ల ప్లాంటులో ఆ నంబరు మెషీన్‌ని "ఆరు పక్కది" అంటాను. అందరికీ అర్థమవుతూనే ఉంది.

టీ తాగేటప్పుడు మారీడ్ ఆ పొడుగు మాటేమిటని అడిగింది. మా భాషలో ఆ అంకె పేరూ, ఏడవమని చెప్పే మాటా ఒకటేననీ, పిల్లల మొహం మీద అలా అనకూడదనీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా తమ్ముడి పొలం మధ్యలో ఫెయిరీ చెట్టు ఉంది, కొడితే కీడంటారు. దాన్ని కొట్టెయ్యకుండా జీవితమంతా ట్రాక్టర్ చుట్టూ తిప్పుకునే దున్నుతున్నాడు. నీ అంకె జోలికి మేం రాములే" అంది. లాభం అంటే అర్థం చెప్పాక, అది ఇంకాస్త గట్టిగా అరవమంది.

కార్లో ఐశ్వర్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎలా ఉందమ్మా క్లాసు అంటే "గ్రాండ్" అంది. ఈ దేశంలో గ్రాండ్ అంటే బాగుంది అనీ, పరవాలేదు అనీ, నన్నొదిలెయ్ అనీ అర్థాలు. నేను మొదటిది తీసుకున్నాను.

జనవరి 23, గురువారం

ప్లాంటులో నాతో పనిచేసే రాజ్‌కిరణ్, ప్రసాదన్న గార్డ్‌కి కోచ్ అయిండు అని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇక్కడ గార్డ్స్ అంటే పోలీసులు. సాయంత్రం మా గూడెం గిరిజాకుమారి ఆంటీ అది చూసి ఫోన్ చేసి, వాళ్లబ్బాయి స్పీడుగా పోయి దొరికిపోయాడట, "కాస్త మీవాళ్లకి చెప్పు బాబూ" అంది. నేను నేర్పేది జెండాలు తిప్పడం ఆంటీ అన్నాను. "ఎంత పెద్ద హోదాలో ఉన్నా మీ నాన్నలాగే అణకువ" అంది.

జనవరి 26, ఆదివారం

పిల్లలు నాకన్నా బాగా అంటున్నారు. వరుసలో చివరి ఎర్రజుట్టు పిల్ల "ఆరున్నొకటి" అంటే గూడెం సంతలో విన్నట్టే ఉంది.

ఒక చిన్న విషయం. ఆ మాట అనడానికి మిగతావాటికన్నా కాస్త ఎక్కువసేపు పడుతుంది. ఆ కాస్తసేపూ పిల్లలు కాలు గాల్లోనే ఉంచుతున్నారు. జెండాలూ ఆగుతున్నాయి. డ్రమ్ములవాళ్లు మర్యాదస్తులు, వాళ్లూ ఆగుతున్నారు. బాకాలవాళ్లు మొదట్లో ఆగక ముందువాళ్ల వీపులకి గుద్దుకున్నారు గాని, ఇప్పుడు వాళ్లూ నేర్చుకున్నారు. దూరం నుంచి చూస్తే బ్యాండ్ బ్యాండంతా మాటిమాటికీ కనపడని గుమ్మం దాటుతున్నట్టుంటుంది.

"నాన్నా, ఇట్స్ ఎ లింప్" అంది ఐశ్వర్య కారెక్కుతూనే. "ద హోల్ బ్యాండ్ హాజ్ ఎ లింప్."

"కుంటడం కాదమ్మా, అది శైలి."

"జస్ట్ సే సెవెన్. ప్లీజ్. ఇట్స్ ఓన్లీ ఎ నంబర్."

కారు స్టార్ట్ చేశాను. పుట్టినప్పటి నుంచీ దాని మొహం మీద ఆ మాట అననివాణ్ణి, ఇప్పుడు హాలు మధ్యలో నిలబెట్టి అంటానా!

ఇంట్లో వసుంధర అంతా విని, "మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అందుకే అది కుంటుతోంది" అంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

సెయింట్ బ్రిజిడ్ పండగని పక్క ఊరు లీక్స్‌లిప్ మెయిన్ స్ట్రీట్‌లో చిన్న ఊరేగింపు. మావాళ్లు నడిచారు. ఎవరో వీడియో తీసి పెట్టారు. సాయంత్రానికి ఐర్లండంతా చూసింది. కామెంట్లన్నీ చదివాను. "వీళ్లకి రోడ్డు మీద ఏం తగులుతోంది?" అని ఒకాయన. కుతూహలం. "నవ్వలేక చచ్చిపోయాను" అని ఒకావిడ. అభిమానం. ఒక డాక్టరుగారు మోకాళ్ల గురించి ఏదో రాశారు, అది పూర్తిగా చదవలేదు.

ఐశ్వర్య క్లాసువాళ్లు అప్పుడే వీధిలో దాని వెనక కాలు ఎత్తి ఆగి నడుస్తున్నారట. వసుంధర చెప్పింది. అది నా ఎదురుగా నిలబడి, కళ్లలో నీళ్లు పెట్టుకుని, "ఐదర్ యూ గో ఆర్ ఐ గో" అంది.

ఆకలి మీద ఉన్నట్టుంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఐశ్వర్య మన బ్యాండ్ మానేసి లీక్స్‌లిప్‌లోని కెనాల్ బ్యాండ్‌లో చేరింది. గూఢచారిగా నేనే పంపించానని మారీడ్‌కి చెప్పాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

దాన్ని కెనాల్ బ్యాండ్ హాలు దగ్గర దింపాను. వాళ్ల కోచ్ డెక్లన్ బయటికొచ్చి, కారు అక్కడ పెట్టకూడదన్నాడు. కొంచెం ముందుకు పెట్టాను. అక్కడా కూడదన్నాడు. ఆ మనిషి అంకెలన్నీ ఒకే పొడుగులో అంటాడు, రోడ్డు దాకా వినపడుతోంది. రుచీ పచీ లేని లెక్క. వచ్చేటప్పుడు ఎలా ఉందమ్మా అన్నాను.

"గ్రాండ్."

ఈసారి ఏ అర్థం తీసుకోవాలో తెలియలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

బిస్కెట్లు ఎక్కడున్నాయమ్మా అని అడిగాను. "టెల్ హిమ్ దే ఆర్ ఇన్ ద ప్రెస్" అని వాళ్లమ్మతో చెప్పింది. వంటగదిలో ముగ్గురం చేతికందేంత దూరంలో ఉన్నాం. వసుంధర నా వైపు తిరిగి, "బీరువాలో ఉన్నాయట" అంది. నాకు ఇంగ్లీషు వచ్చని ఇద్దరూ మరిచిపోయారు.

బిస్కెట్లు తినలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

రాత్రి భోజనాలయ్యాక వసుంధర గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరగకుండానే, "మీకు కూతురు కావాలా, ఆరున్నొకటి కావాలా?" అంది.

ఇదేం ప్రశ్న అన్నాను. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీరు రచ్చలో కూడా గెలవలేదు" అంది. కుందేలన్నప్పుడు నవ్వాను గాని, దీనికి నవ్వు రాలేదు.

కూతురే కావాలి. అది నాతో మాట్లాడాలి. ప్రపంచంలో నాకింకేం అక్కర్లేదు, జెండాలు కూడా అక్కర్లేదు. రాసేశాను కదా, ఇక కొట్టెయ్యను.

ఫిబ్రవరి 20, గురువారం

ప్లాంటులో మేం పనిచేసే చోట దుమ్ము కణం కూడా ఉండకూడదు. కళ్లు తప్ప ఒళ్లంతా కప్పే తెల్ల సూటు వేసుకోవాలి, మూతికి మాస్కు. ఎవరూ వినరు గదా అని మాస్కులో సాధన మొదలుపెట్టాను. ముందు పెదాలతో. తర్వాత గాలితో. తర్వాత గొంతుతో. పక్కన ఉన్నది రాజ్‌కిరణ్ అని చూసుకోలేదు, ఆ సూట్లలో ఎవరు ఎవరో తెలిసి చావదు.

"ఏమైందన్నా?" అన్నాడు పాపం. "ఇందాకటి సంది నన్ను జూసి ఏడు, ఏడు అంటున్నవ్. నేనేం జేసిన?"

"నిన్ను కాదురా, అంకెని."

"గంతేనా! అది నా బర్త్‌డే తారీఖన్నా. నేనేమన్న ఏడ్చుకుంట పుట్టిన్నా?"

"అందరం ఏడుస్తూనే పుట్టాం కదరా."

వాడు కాసేపు ఆలోచించి, "గదీ నిజమే" అని ఆరు పక్కదాని దగ్గరకి వెళ్లిపోయాడు.

ఏడు. ఏడు. ఏడు. రాశాను కూడా. ఏమీ కాలేదు. క్యాంటీన్‌లో కాఫీ మెషీన్ మాత్రం చెడిపోయింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

పిల్లలకి ఏడు నేర్పాను. ఒకటి, రెండు, మూడు, ఏ అంకె దగ్గరా ఆగడం లేదు. గుమ్మం మాయమైపోయింది. తాడు పట్టి గీసినట్టు నడుస్తున్నారు. చూడ్డానికి ఎంత బాగుందో! నాకు అసలు నచ్చలేదు.

మారీడ్ ఇంకా దిగాలుపడింది. "మనలో మంచిదంటూ ఉన్నది ఆ గెంతొక్కటే కదయ్యా" అంది. ఎర్రజుట్టు పిల్ల లాభం అనడం మానలేదు. దానికి లాభం వదిలేశాను.

మార్చి 2, ఆదివారం

దింపేటప్పుడు కార్లో ఐశ్వర్యకి చెప్పాను. "ఇప్పుడు మనవాళ్లు గెంతడం లేదమ్మా. నేను ఏడే అంటున్నాను." దాని వైపు చూస్తూ అనలేదు, వైపర్లను చూస్తూ అన్నాను.

అది సీటు బెల్టు తీసింది. ఏదో అనబోయింది. డెక్లన్ హాల్లోంచి ఈల వేశాడు, వెళ్లిపోయింది. కెనాల్ బ్యాండ్‌లో దాన్ని వరుస మధ్యలో పెట్టారట. మధ్యలో ఉన్న పిల్లని చూసే అటూ ఇటూ ఉన్నవాళ్లు అడుగేస్తారు. పెద్ద బాధ్యత. ఇది దాని నోట వినలేదు, వాళ్లమ్మ చెప్పింది.

ఆ ఈల లేకపోతే ఏమనేదో!

మార్చి 13, గురువారం

ఏడ్చుకుంటూ కారెక్కింది. ఏమిటమ్మా, ఏమైంది తల్లీ అని లీక్స్‌లిప్ నుంచి మెయ్‌నూత్ దాకా అడుగుతూనే ఉన్నాను. చెప్పలేదు. తన కుడికాలు వైపే చూసుకుంటూ కూర్చుంది. దెబ్బ తగిలిందేమో, రేపు జీపీ డాక్టరుకి చూపిద్దామంటే వసుంధర "కాలికేం కాలేదు, డెక్లన్ ఏదో అన్నాడట" అంది. ఏమన్నాడో వాళ్లమ్మకీ చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

రేపు సెయింట్ పాట్రిక్ పండగ పరేడ్, బహుమతి కూడా ఉంది. వాన పడదంటున్నారు. ఇన్నేళ్లున్నాక ఆ మాట నమ్మేవాడు మూర్ఖుడు.

మార్చి 17, సోమవారం, సెయింట్ పాట్రిక్ డే

వాన పడలేదు.

బహుమతి పాత ట్రాక్టర్ల సంఘానికి వచ్చింది. రెండు బ్యాండ్లకీ ఏమీ రాలేదు. అందుకు కారణం నేనేనని రెండు బ్యాండ్లవాళ్లూ అంటున్నారు, నిజమే. మోకాలికి కట్టు కట్టించుకుని, కాలు కుర్చీ మీద చాపుకుని రాస్తున్నాను.

ఊరేగింపులో ముందు కెనాల్ బ్యాండ్, దాని వెనక మేము, మా వెనక ట్రాక్టర్లు. కోచ్‌లం రోడ్డు పక్కగా, మావాళ్లతో పాటు నడవాలి. మావాళ్లకి ఒకటీ రెండూ అరుస్తున్నానే గాని, నా కాళ్లు ఎప్పుడు ముందుకు పోయాయో తెలియదు. చూసేసరికి కెనాల్ బ్యాండ్ జెండాల వరుస పక్కన ఉన్నాను. మధ్యలో మా ఐశ్వర్య. ఆకుపచ్చ జెండా, జుట్టు బిగించి వేసిన ముడి, మోచెయ్యి సరిగ్గా పైకి. ఆరు దాకా ఎంత చక్కగా నడిచిందని! ఆరు తర్వాత కుడికాలు గాల్లో ఆగిపోయింది.

మధ్యపిల్ల ఆగింది గనక అటూ ఇటూ ఆగారు. వాళ్లు ఆగారు గనక డ్రమ్ములు తడబడ్డాయి. జనం గొల్లుమన్నారు. అవతలి పేవ్‌మెంట్ మీద డెక్లన్ నెత్తి పట్టుకున్నాడు. "మళ్లీ అదే గెంతు! గురువారమే చెప్పాను! ఇంకోసారి గెంతావంటే వరుసలోంచి బయటికొచ్చెయ్యాలి!" అని వేలితో పేవ్‌మెంట్ చూపించాడు. కొంచెం దూరంలోనే జడ్జీల స్టాండు.

అప్పుడు అర్థమైంది నాకు. అది మనసులో ఇంకా మా మిల్లు లెక్కే పెట్టుకుంటోంది. ఎంత ప్రయత్నించినా పోవడం లేదు దానికి. ఆ కుంటు నేను పెట్టిందే. మా బ్యాండ్‌కంతటికీ తీసేసి, నా కూతురి కాలికి మాత్రం వదిలేశాను. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

పరుగెత్తుకెళ్లి దాని ఎదురుగా నిలబడ్డాను. నిలబడితే వరుస నా మీదకి వస్తుంది గనక వెనక్కి నడవడం మొదలుపెట్టాను. దాని మొహంలోకి చూస్తూ అరిచాను. "ఒకటి! రెండు! మూడు! నాలుగు! అయిదు! ఆరు!"

అక్కడ ఆగిపోయాను. మాస్కులో అన్నాను, పారిష్ హాల్లో అన్నాను, వైపర్లతో అన్నాను. బిడ్డ కళ్లలోకి చూస్తూ అనాలంటే రాదే! దాని కాలు మళ్లీ గాల్లో ఆగింది. డెక్లన్ రోడ్డు మీదకి దిగాడు.

వెనక మా బ్యాండ్‌కి అంకెలు చెప్పే దిక్కు లేక, మారీడ్ "లాభం!" అని అందుకుందట. ఆ మాట కోసమే కాచుకున్నట్టు అందరూ గెంతడం మొదలుపెట్టారట. ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి బ్రేకులు వేశాయట. ఇదంతా తర్వాత విన్నదే. అప్పుడు నాకు నా కూతురు తప్ప ఏమీ కనపడలేదు.

"నాన్నా, గో అవే" అంది పళ్లు బిగించి.

"ఒకటి! రెండు! మూడు! నాలుగు! అయిదు! ఆరు!" ఇంత ఊపిరి పీల్చుకున్నాను. "ఏడు!"

కాలు నేల మీద పడింది. సరిగ్గా, డ్రమ్ముతో పాటు. అది ఉలిక్కిపడి నా వైపు చూసింది. దానికి తెలుగు మాట్లాడటం బద్ధకం గాని అర్థం కాకపోవడమంటూ లేదు, ఆ మాటకి రెండు అర్థాలనీ తెలుసు, నేనెందుకు అననో కూడా తెలుసు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. డెక్లన్ వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు, వదిలించుకున్నాను. మళ్లీ ఒకటి నుంచి. మళ్లీ ఏడు! మళ్లీ కాలు సరిగ్గా పడింది. అటూ ఇటూ పిల్లల అడుగులు కూడా కలిశాయి. జడ్జీల స్టాండు ముందుకి వచ్చేశాం. జెండాలన్నీ గాల్లోకి లేచాయి, నేను కూడా తలెత్తి చూశాను, వెనక ఎవరిదో కుక్క తాడు ఉందని చూడలేదు. మోకాలు మెలిపడి వెల్లకిలా పడ్డాను.

పడినా ఆపలేదు. రోడ్డు మీద పడుకునే అరిచాను. "అయిదు! ఆరు! ఏడు!"

జెండాలు వాళ్ల చేతుల్లోకి దిగాయి. వరుస నా మీదకి వచ్చేసింది. ఐశ్వర్య ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ. ఆగలేదు, తప్పుకోలేదు, నా మీదుగా పెద్ద అడుగు వేసి అరిచింది.

"ఎనిమిది, నాన్నా!"